చవుడు మొక్కల కొలతలు

మాదాపూర్,
14-10-1999

చి. సంయుక్తకు,

నానమ్మ ఆశీస్సులు. మీ నాన్న, అమ్మ, నేను కులాసా. నీ మొక్కల సంగతే తేలాలి.

ముందు నీ మాటొకటి దిద్దాలి. మన మేడ మీద కుండీల్లో పెరిగాక, నువ్వు బందరు తీరం నుంచి తెచ్చిన విత్తనాల్లో బురదలో ఏపుగా పెరిగే బురద మొక్కకూ, చవుటినేలలో పొట్టిగా ఉండే చవుడు మొక్కకూ ఎత్తులో తేడా పోయింది, కాబట్టి తేడా నేలదే గాని పుట్టుకది కాదు అని రాశావు. నెలాఖరుకు మీ పరిశోధకుల సభలో అదే చదువుతానన్నావు. ఆగు. నలభై కుండీలకూ ఒకే ఉప్పునీళ్లు పోస్తేనే ఆ మాట అనగలం. పోశామా అన్నదే నా అనుమానం.

చవుడు మొక్కలన్నీ ఒకే పోలికతో ఎందుకున్నాయని అడిగావు. బందరు చవుట్లో అంత ఉప్పుకు తట్టుకోలేనివి పోగా మిగిలినవే విత్తనం పెడతాయి. సముద్రపు పోటు అంత దూరం పున్నమికో అమావాస్యకో గాని రాదు, కొత్త విత్తనం మోసుకొచ్చే దిక్కు లేదు. అంతా అక్కచెల్లెళ్లే అయ్యుంటారు. బురదలోకైతే రోజూ పోటుతో ఎక్కడెక్కడి విత్తనమో కొట్టుకొస్తుంది. మన అపార్టుమెంటు లాగే, ఏ రెండిళ్లలోనూ ఒకే పులుసు ఉండదు.

పోయిన వారం చూద్దును కదా, చవుడు వరుసలో మట్టి మీద తెల్లగా పేరుకోవాల్సిన ఉప్పు లేదు. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. చప్పన. పై వాటా కంప్యూటరు కుర్రాళ్ల పనేమో అనుకున్నాను గాని, వాళ్లు పగటి వెలుతురే చూడరు. చివరికి కుండీలకు నీళ్లు పోసే మన పనిమనిషి సాయమ్మను నిలదీశాను.

"ఉప్పునీళ్లు పోసి సంపుతున్నరు గదమ్మా. గా పొట్టి మొక్కలు వాడినట్టు కనపడితే పాపమనిపిచ్చి జర మంచినీళ్లు పోసిన" అంది.

నన్నడగొద్దూ అని గద్దించాను.

"మీరు మీదికొస్తే గద అడిగేది. పోయిన నెల మూడు వారాలు మెట్లెక్కలే మీరు."

నిజమే, సంయుక్తా. సెప్టెంబరులో మోకాలు వాచింది. చెబితే మీ నాన్న కుండీలను వాచ్‌మన్‌కు అప్పగిస్తాడని దాచాను. ఆ మూడు వారాల కొలతలు పడక్కుర్చీలో కూర్చుని, పాత అంకెలకు కాస్త కాస్త కలుపుతూ రాశాను. నా కొలతలంత నీటుగా ఎవరివీ లేవని మెచ్చుకున్నావే, మొక్కలు అంత నీటుగా పెరగవు. ఇలా ఇంట్లో పుట్టించిన అంకెలతో రికార్డు తెచ్చిన విద్యార్థులను, పాఠాలు చెప్పిన ముప్ఫై ఏళ్లూ క్లాసు బయట నిలబెట్టాను. సెప్టెంబరు అంకెలు నావి, అక్టోబరువి సాయమ్మ మంచినీళ్లవి. నీ మొక్కలవి ఒక్కటీ లేవు.

ఈసారి కుండీలు వంటింటి బాల్కనీలో పెడతాను. స్కేలు నేను పట్టుకుంటాను, సాయమ్మ పక్కన నిలబడి చూస్తుంది. ఆమెకిప్పుడు నా మీద మంచి అనుమానం ఉంది, పనికొస్తుంది.

ఉత్తరం అందిన రోజే సెప్టెంబరు ఐదు నుంచి ఉన్న అంకెల వరుసలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన కారణం నా పేరుతో రాసి మీ ప్రొఫెసరుకు చూపించు. విత్తనం మళ్లీ సేకరించు. దారి పక్కన దొరికిందల్లా కోయకుండా, ఇరవై అడుగులకొక మొక్క నుంచి తీసి, దేనికది విడిగా కాగితం పొట్లం కట్టు. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది.

ఇట్లు,
అంకెలు పుట్టించిన
మీ నానమ్మ