సున్నం పెట్టని ఇటుక

ఫిబ్రవరి 21, 1344. శనివారం. పొద్దున

గోడ కిటికీ తెరుచుకుంది. ఇవాళ చలి బాగా ఉంది నాయనా, అంది పక్కింటి బొనాదోనా పిన్ని. అంతకు మించి ఒక్క మాట అనదు. శనివారం యూదులు నిప్పు ముట్టించరు, ముట్టించమని ఇంకొకరిని అడగరు కూడా. అందుకని చలి బాగా ఉందంటుంది. అవును పిన్నీ అంటాను. మా పొయ్యిలోంచి ఇనప గరిటెతో నాలుగు నిప్పులు తీసి, రెండిళ్ళకీ ఉమ్మడిగా ఉన్న గోడలోని ఆ చిన్న కిటికీలోంచి అవతలి కుంపట్లో పోస్తాను. బొగ్గులు శుక్రవారం సాయంత్రమే నింపి పెట్టుకుంటారు. మా అమ్మ చేసిన పని. నా ఏడో ఏట నాకు అప్పగించింది. ఇప్పుడు నాకు నలభై ఏడు.

పిన్ని కుడి భుజం ఇంకా పైకి లేవడం లేదు. కిందటేటి గుడ్ ఫ్రైడే రాయి అది. ఏటా ఆ వారంలో మన కుర్ర ఫాదర్లు గంటల గోపురమెక్కి యూదుల వీధి మీద రాళ్ళు రువ్వుతారు. ఏసుని చంపినందుకట. పదమూడు వందల ఏళ్ళనాటి నేరానికి డెబ్భై ఏళ్ళ ముసలమ్మ భుజం! దీనికి ఆచారమని పేరు. సిగ్గులేని పనికి వయసు మళ్ళితే ఆచారం అవుతుంది కాబోలు.

సోమవారం ఊరి కౌన్సిల్లో తేల్చేస్తాను.

ఫిబ్రవరి 23

తేలలేదు. రాయి విసిరినవాడిని శిక్షించాలన్నాను. గంటసేపు వాదించాను. రాజుగారి శాసనం చదివాను, సువార్త చదివాను. అంతా విని ఫాదర్ గిల్ తాపీగా, నోటరీ గారూ, మీరూ కుర్రతనంలో ఆ మెట్లెక్కినవారే కదా, మీ గురి భలే ఉండేదని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది.

నిజమే. పదహారేళ్ళప్పుడు. ఒక్కసారి.

ఫిబ్రవరి 25

రాళ్ళు ఆపలేకపోతే కిటికీలు మూసేస్తే? వీధివైపు కిటికీలు ఇటుకలతో కట్టేస్తే లోపలి మనిషికి దెబ్బ తగలదు. ఎవరినీ శిక్షించనక్కర్లేదు, ఎవరికీ కోపం రాదు. ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదు?

మార్చి 1. సోమవారం

గెలిచాను! ఒక్క చెయ్యి కూడా అడ్డంగా లేవలేదు. ఫాదర్ గిల్ నన్ను కావలించుకున్నాడు. (తర్వాత చేర్చింది: అప్పుడే అనుమానం రావలసింది.) అందరినీ ఒప్పించడానికి డ్రాఫ్టు కొంచెం పెంచాల్సి వచ్చింది. వీధివైపు అన్న చోట, క్రైస్తవులవైపు తెరుచుకునే కిటికీ ఏదైనా సరే అని రాశాను. కట్టినదాన్ని తెరిచినవాడికీ, సందు వదిలిన మేస్త్రీకీ కొరడా దెబ్బలు. ఇవి రాయకపోతే ఒప్పుకునేవాళ్ళు కాదు. పెద్ద మేలు కోసం చిన్న రాయితీ.

మార్చి 2

సంగతి జెంతోకి చెప్పాను. పిన్ని కొడుకు, నా ఈడువాడు, పుస్తకాలకి అట్టలు కుడతాడు. సూది కింద పెట్టకుండానే విన్నాడు. ఒరే అజ్నార్, రాయి విసిరే చెయ్యి కట్టడం చాతకాక మా కిటికీలు కట్టించావా, అన్నాడు. మీ అమ్మ భుజం కోసమేరా అన్నాను. వెలుతురు లేకుండా ఈ కుట్టుపని ఎట్లా చెయ్యమంటావు, అది కూడా రాసిపెట్టు, అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు.

నేను గుమ్మం దాటుతుంటే అడిగాడు: మన మధ్య గోడ కిటికీ ఎటు తెరుచుకుంటుందిరా?

నాకు తట్టనే లేదు. ఒట్టు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి చట్టాలు రాస్తున్నవాడిని, నా వంటింటి కిటికీ గుర్తు రాలేదు.

మార్చి 9

మేస్త్రీ ఫరాజ్ వచ్చాడు. ఈ ఊళ్ళో గోడ కట్టాలన్నా, చర్చి గోపురం కట్టాలన్నా ముస్లిం మేస్త్రీలే. యూదుడి కిటికీ మూయడానికి క్రైస్తవుడు ముస్లింని పిలిచాడు. ముగ్గురినీ ఒకచోట చేర్చిన ఘనత నాది.

ఫరాజ్ జుట్టు చెవుల మీదికి గుండ్రంగా కత్తిరించి ఉంది. ముస్లింలు అలాగే కత్తిరించుకోవాలన్న ఆర్డరుకి నకలు రాసిందీ నేనే.

పని అయ్యాక చేతులు కడుక్కుంటూ, అయ్యగారూ, కింది నుంచి మూడో వరసలో ఎడమ చివరి ఇటుకకి సున్నం పెట్టలేదు, పైపైన పూశానంతే, అన్నాడు. ఇదెవరు చెప్పారు నీకు అని గద్దించాను. ఎవరూ చెప్పలేదండీ, అవతల పెద్దమ్మ కుంపటి చూశాను, మా ఇంట్లోనూ ముసలమ్మ ఉంది, అన్నాడు. గరిటె పట్టేంత సందు. వాడికి కొరడా దెబ్బలు రాసిన చేత్తోనే వాడికి మంచినీళ్ళిచ్చాను.

ఏప్రిల్ 2. గుడ్ ఫ్రైడే

రాళ్ళు పడ్డాయి. కిటికీలు లేవు కాబట్టి ఇంటికప్పుల పెంకులు పగలగొట్టారు.

నవంబరు 13. శనివారం

మొదటి చలి. గోడ మీద కర్రతో మూడు దెబ్బలు. ఇటుక సంగతి ఫరాజ్ అవతలా చెప్పే ఉంటాడు. ఇటుక లాగాను. సందులోంచి సన్నగా, ఇవాళ చలి బాగా ఉంది నాయనా. అవును పిన్నీ! గరిటె సరిగ్గా పట్టింది. రోజంతా ఉత్సాహంగా ఉన్నాను. చట్టం ఎంత గట్టిదైనా మనుషుల మధ్య ఒక ఇటుక వదులుగా ఉంటుందని ఎక్కడైనా రాయాలి.

డిసెంబరు 25. క్రిస్మస్. శనివారం

బావిలో నీళ్ళు గడ్డకట్టాయి. పండగని యూదుల వీధి గేటు నిన్ననే మూసి తాళం వేశారు. అటు వెళ్ళే క్రైస్తవుడు ఎవడూ ఉండడు.

మధ్యాహ్నం మా ఇంట్లో విందు. ఫాదర్ గిల్, కౌన్సిల్ పెద్దలు ఇద్దరు. వంటింట్లో పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని బల్ల అక్కడే వేశాను. పంది మాంసం వడ్డిస్తుంటే గోడ మీద మూడు దెబ్బలు.

నేను కదల్లేదు.

మళ్ళీ మూడు. ఏమిటా చప్పుడు నోటరీ గారూ, అన్నాడు గిల్.

ఎలుకలు, అన్నాను.

అటువైపు వాటికేం కొదవా, అన్నాడు గిల్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేనూ నవ్వానని రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

చప్పుడు ఆగిపోయింది. అతిథులు పోయేసరికి చీకటి పడింది. ఇటుక లాగి, పిన్నీ, అని పిలిచాను. నాలుగు గరిటెల నిప్పులు పోశాను. అవతల కుంపటి లేదు. నేల మీద పడిన చప్పుడు వినిపించింది.

డిసెంబరు 27

లేచి ఇటుక తీస్తే ఏమయ్యేది? గిల్ చూసేవాడు. ఫరాజ్‌కి కొరడా దెబ్బలు పడేవి. నేను కదలకపోవడం వల్ల ఒక మేస్త్రీ వీపు దక్కింది. ఇది వాదన. పాయింటు బలమైనదే. కౌన్సిల్లో అయితే గెలుస్తాను.

నిప్పు ఇవ్వలేకపోవడానికి ఫరాజ్ కారణం. సరే. మరి ఎలుకలు అనడానికి? పిల్లి అనొచ్చు, గాలి అనొచ్చు. ఆ మాటే ఎందుకొచ్చింది?

డిసెంబరు 30

ఫరాజ్‌ని బజారులో పట్టుకున్నాను. పెద్దమ్మ ఎలా ఉంది అంటే, ఉందండీ, దగ్గుతోంది, లేచి తిరుగుతోంది, అన్నాడు. ఆ రోజు నీ గురించే భయపడ్డానయ్యా, అన్నాను. వాడు తట్ట దించి నా వైపు తిరిగాడు. నా వీపు సంగతి నేను చూసుకుంటానండీ, మీరు దాని చాటున దాక్కోకండి, అన్నాడు. అంత మెల్లగా ఎవరూ నన్ను తిట్టలేదు.

తట్ట ఎత్తుకుంటూ ఇంకో మాట చెప్పాడు. జెంతో నిన్న గుప్పెడు సున్నం అడిగి పట్టుకెళ్ళాడట. ఎందుకురా అని అడిగితే, గోడలో ఎలుకలున్నాయని పక్కింటాయన చెప్పాడురా అని అమ్మ అంటోంది, అన్నాడట.

జనవరి 1. శనివారం. పొద్దున

మూడో వరస, ఎడమ చివర. లాగాను. గోళ్ళు విరిగాయి. అవతలివైపు నుంచి సున్నం పెట్టేశారు. గట్టిగా, మేస్త్రీ పనిలా.

గరిటెలో నిప్పు నల్లబడేదాకా నిలబడ్డాను. తర్వాత గోడకి మూతి ఆనించి, ఇవాళ చలి బాగా ఉంది పిన్నీ, అన్నాను.