అత్తమ్మ పేరిట వచ్చిన షెడ్డు

పర్ణశాల దారి,
గురువారం.

అత్తమ్మ గారి పాదాలకు నమస్కరించి కోడలు నాగలత రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అబ్బాయి, చైతన్య బాగున్నాం. పాల్వంచలో మీరు, సుజనా వాళ్ళు కూడా బాగున్నారని తలుస్తాను. ఫోన్లో మీకు వినపడాలంటే నేను కొట్ల వరుసంతా దద్దరిల్లేలా అరవాలి. ఈసారి రాసేవి అరిచి చెప్పే మాటలు కావు. గాజుల కొట్టు జంపక్క రేపు పాల్వంచలో కూతురి దగ్గరికి వెళ్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. సుజన చేత చదివించుకోకుండా, కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి.

మీరు అడిగిన వాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. పిండిలో మినపప్పు తగ్గించడం లేదు. ఇడ్లీ గట్టిగా ఉంటోందని మీకు ఎవరో చేరవేశారట. ఆ ఎవరో మీ కూతురు సుజనే అని నాకు తెలుసు, పోయినసారి వచ్చి ఆరు తిని వెళ్ళింది. చైతన్యకు జ్వరం తగ్గింది, బడికి పోతున్నాడు. గోదావరి బాగా తీసింది, ఇసుక తేలింది. ముక్కోటి హడావిడి అయ్యాక యాత్రికులు పలచబడ్డారు. శనివారాలు మాత్రం మన టిఫిన్ కొట్టులో పునుగులు చాలడం లేదు.

పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే మంగ్లి, ఇంకా రాలేదని రోజూ మిమ్మల్ని తిట్టుకుంటోంది. పొద్దున్నే మీరు ఆమె దగ్గర ఒక పొత్తు, జంపక్క దగ్గర రెండు పిన్నులు, అలా ఒక్కో కొట్టులో ఏదో ఒకటి కొనేదాకా ఎవరూ వేరే బేరం ఒప్పుకునేవారు కాదు కదా. మీ చేతి బోణీ పడితే ఆ రోజు సరుకు మిగలదని వాళ్ళ నమ్మకం. మీ బదులు ఇప్పుడు నేను వెళ్ళి కొంటున్నాను. డబ్బులు తీసుకుంటారు గానీ కళ్ళకద్దుకోరు. మొదట్లో నాకు రోషం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు.

ఇక అసలు సంగతి. మీ పేరున షెడ్డు వచ్చింది అత్తమ్మా. ఇది సంతోషంగా రాయాల్సిన మాట. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఉగాది లోపల రోడ్డు పక్క కొట్లన్నీ తీసేస్తారు. చిన్న చిన్న వ్యాపారాలు పోకూడదని పంచాయతీ వాళ్ళే రేకుల షెడ్లు కట్టించారు. కరెంటు మీటరు, నీళ్ళ కుళాయి కూడా ఉన్నాయి. గాలివాన వచ్చినప్పుడల్లా మీరొక కొస, నేనొక కొస టార్పాలిన్ పట్టాని పట్టుకుని నిలబడ్డ మనకు ఇది చిన్న సాయం కాదు.

కానీ ఎవరి పేరున ఇస్తారో వాళ్ళే కూర్చోవాలట. వెనకటికి ఎక్కడో షెడ్లు తీసుకుని కిరాయికి ఇచ్చుకున్నారని ఈ పట్టింపు. సోమవారం బడి ఆవరణలో గ్రామసభ పెట్టి పేర్లు చదివారు. మీ పేరు రాగానే కార్యదర్శి సారు మా వైపు చూసి అడిగారు, “సుబ్బరత్నమ్మ మళ్ళ వచ్చి కూసుంటదా? వస్తదంటే ఆమె పేరునే ఉంచుత, కానీ నెలలోపట తెరవాలె. ఇంక రాదంటే సభ ఒప్పుకోవాలె, అప్పుడు కోడలి పేరుకు మారుస్త.” ఆయన మంచిగానే అడిగారు. రెండూ కాకపోతే షెడ్డు తర్వాతి పేరుకు పోతుందని కూడా చెప్పారు.

మీ అబ్బాయి లేచారు. “మా అమ్మ” అన్నారు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయారు. అప్పుడు నేను లేచాను.

“మా అత్తమ్మ ఇంక నడవలేదు సార్. కొట్టుకు రాదు” అన్నాను.

అవునన్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు సారు. ఎవరూ ఎత్తలేదు. జంపక్క తల దించుకుంది. మన వరుస వాళ్ళెవరూ ఒక్క వేలు కదపలేదు. నా మీద కోపంతో కాదు, మీ మీద ప్రేమతోనే మన షెడ్డు పోగొట్టేలా ఉన్నారు. సారు రెండోసారి అడిగితే మంగ్లి లేచి అంది, “నేనెత్తను. ముసల్ది నవమికి వస్తనన్నది. చెయ్యెత్తి ఆమె కాళ్ళు నేనెందుకు ఇరగ్గొట్టాలె?”

సారు కలం పక్కన పెట్టి ఆగారు, ఆయన పుణ్యం. నేను వెళ్ళి మంగ్లి పక్కన కూర్చుని చెవిలో ఒక మాట చెప్పాను. ఆమె ఒక చేత్తో ముసుగు మొహం మీదికి లాక్కుని రెండో చెయ్యి ఎత్తింది. ఆ తర్వాత మిగతా వాళ్ళూ ఎత్తారు.

మంగ్లికి చెప్పిన మాట ఇప్పుడు మీకు చెప్పాలి. కార్తీకంలో మీరు రేవు మెట్ల మీద పడ్డాక, ఖమ్మం దవాఖానాలోంచి ఇంటికి పంపే రోజే డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పారు. తుంటి ఎముక అతకదట. మళ్ళీ ఆపరేషన్ చేస్తే మీ గుండె తట్టుకోదట. లేచి కూర్చోగలరు గానీ నడవడం ఉండదని ఖాయంగా చెప్పారు. నవమికి నడుస్తారని మీకు చెప్పింది డాక్టరు కాదు, మేం. చేతికర్ర కొనమని మీరు అడిగినప్పుడల్లా దుకాణం మూసి ఉందని సుజన చెబుతోందట. అది మూసి లేదు అత్తమ్మా.

మీ కాలి సంగతి మీకంటే ముందు ఊరికి చెప్పాను. అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. షెడ్డు మీద నాకు ఆశ లేదని అబద్ధం చెప్పను. ఉంది. ఆ ఆశే నన్ను లేపి నిలబెట్టింది, లేకపోతే నవమి దాకా మిమ్మల్ని ఇలాగే మభ్యపెట్టేదాన్ని. పిండి రుబ్బడం, బేరం పట్టడం, కోపిష్ఠి యాత్రికుడికి ఇంకో పునుగు వేసి నవ్వించడం, అన్నీ మీ దగ్గరే నేర్చుకున్నాను. మిమ్మల్ని లేవనెత్తి ఆ చోట కూర్చోవడం మాత్రం మీరు నేర్పలేదు. చాలా ఏడుపు వస్తోంది.

పేరు మార్చడానికి మీ సంతకం కావాలన్నారు. ఆదివారం మీ అబ్బాయి కాగితం తీసుకుని మీ దగ్గరికి వస్తున్నారు. మీరు పెట్టకపోతే నేను తప్పు పట్టను, ఇంకో దారి చూసుకుంటాం. మీకు ఈ ఉత్తరం రాశానని ఆయనకు తెలియదు. మూడు రాత్రులుగా, నేను నిద్రపోయాననుకుని, ఇక నడవలేవన్న మాట మీతో ఎలా అనాలో గొణుక్కుంటూ నేర్చుకుంటున్నారు. ఒక్కసారీ చివరిదాకా చెప్పలేకపోతున్నారు. ఆయన చేత ఆ మాట అనిపించకండి అత్తమ్మా. గుమ్మంలోకి రాగానే, సంతకం ఎక్కడ పెట్టాలిరా అని మీరే అడగండి.

ఇట్లు,
మీ కోడలు
నాగలత