ముందుగాల ఒళ్లు వేడెక్కనియ్యి

మానస డాడీ,

ఈ ఆదివారం గూడ నాకు డ్యూటీ వడ్డది. నాచారం బస్సు టైమైంది, పోతున్న. నువ్వు లేచినంక అరటిపండు ఒక్కటే తిను. ఉప్మా మూత వెట్టి ఉంచిన, ఆడి వచ్చినంక తిందువు.

మూడు వారాలకు ఇయ్యాలనే మళ్ల ఫుట్‌బాల్ ఆడవోతున్నవ్. బండి దిగంగనే బాల్ ఎంబడి ఉరకకు. ముందుగాల గ్రౌండ్ చుట్టు రెండు రౌండ్లు నిమ్మళంగ కొట్టు. తర్వాత మోకాళ్లు పైకి లేపుకుంట నడువు, కాళ్లు ముందుకు ఎనుకకు ఊపు, పది గుంజీలు తియ్యి. డాక్టరమ్మ పదిహేను నిమిషాలు అన్నది, ఐదు కాదు.

మీ ఉప్పల్ గ్యాంగుల అందరికన్న ఎనుక దిగినోడే గోల్‌కీపర్ అని రూల్ వెట్టుకున్నరు. అది తప్పించుకోనీకే గదా నువ్వు షూ లేసు గట్టంగనే లోపలికి ఉరికితే తొడ నరం గుంజుకున్నది. యాభై మూడేండ్లు నీకు. గోల్ కాడ నిలబడితే ఇజ్జత్ ఏం పోదు. అయినా నిన్ననే మీ గ్యాంగు బాలరాజన్నకు ఫోన్ జేసి చెప్పిన, ఇయ్యాల్టి సంది వార్మప్ జెయ్యనోడే గోల్‌కీపర్. జర సేపు నవ్విండు గని ఒప్పుకున్నడు.

సారలమ్మ

ఇంకో ముచ్చట. ఈ మూడు వారాలు డాక్టరమ్మ చెప్పిన కసరత్తు నీకు తోడుగ హాల్ల నేను గూడ జేసిన గదా, నిన్న బస్సు మెట్లు రాడ్ పట్టుకోకుండనే ఎక్కిన. కాలు మంచిగైందని పొద్దుగాల ఇంట్ల జేసుడు మానకు. ఒక్కదాన్నే జెయ్యాల్నంటే నాకు సిగ్గయితది.