వెనుక తలుపులో నా వాటా

సుమ తాతా,

చెప్పేది నేను, రాసేది నీ మనవరాలు. నువ్వు పోయి ఏడాది తిరిగేలోపే మన సుమకు మాదాపూర్‌లో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం వచ్చింది. పరీక్షలో ఆఫీసు గేటుకు ప్రోగ్రాం రాయమన్నారట. కార్డు ఉంటే గేటు తెరుచుకోవాలి, లేకుంటే మూసే ఉండాలి. ఈ పిల్ల ఊరుకోకుండా మధ్యలో ఇంకో షరతు పెట్టింది. కార్డు మరిచిపోతే లోపలున్న తెలిసినవాళ్లకు ఫోన్ పోవాలి, వాళ్లు సరేనంటే గేటు తెరుచుకోవాలి.

"ఇది ఎవరు నేర్పారమ్మా?" అని పరీక్ష పెట్టిన సారు అడిగాడట.

"మా తాత సార్. చీకటి పడేలోపు ఇంటికొస్తేనే బువ్వ, లేకుంటే బయటనే పండుమని మా అవ్వ గొళ్ళెం పెట్టేది. తాత సప్పుడు గాకుంట ఎనక తలుపు తీసేటోడు."

సారు నవ్వి నవ్వి ఉద్యోగం ఇచ్చాడట. అప్పటినుంచి బస్తీ అంతా నిన్నే మెచ్చుకుంటోంది. ఇదెక్కడి న్యాయం? నేను ముందు తలుపు మూయకపోతే నువ్వు వెనుకది తెరిచేవాడివా? ఆ పేరులో సగం నాది. ఇంటింటికీ ఆ మాట చెప్పి మరీ మిఠాయి పంచాను.

"అవ్వా, ఆఫీసు నుంచి లేటుగ వస్తే ఏం జేస్తవే?" అంటోంది ఇది, రాయడం ఆపి.

తీసేవాడివి నువ్వు లేవు కదా. ముందు తలుపుకు గొళ్ళెం పెట్టడం మానేశాను.