రోజా చెవుల్లో వేపపుల్లలు

ప్రియమైన అక్కకు చెల్లెలు సుగుణ వందనాలు.

ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, నా కూతురు రోజా కూడా బాగున్నారని నమ్ముతున్నాను. బావ దగ్గు ఎలా ఉంది? గనులు మూతపడి ఇన్నేళ్ళయినా ఆ దుమ్ము ఆయన్ని వదల్లేదు. మందు మానొద్దన్నానని చెప్పు.

ఇక్కడ బెంగళూరులో సాయంత్రమైతే వాన. బట్టల ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాలకు కాలర్లు కుడుతున్నాను, మెడ పట్టేస్తోంది. గదిలో నలుగురం ఆడవాళ్ళం, తలా ఒక ఊరు. రాత్రికి అన్నం, చారు. సంగటి తినాలని ఉంటుంది కానీ గెలికే ఓపిక ఉండదు. బాగానే ఉన్నానులే, దిగులు పడొద్దు.

అక్కా, రోజా వాళ్ళ నాన్న పోయాక ఊరిగాంలో బ్యాంకుకు అప్పు కోసం ఎన్నిసార్లు తిరిగామో గుర్తుందా? "క్వార్టర్సు మీ పేరున లేదు కదమ్మా, ఇంటి కాయిదం ఏదన్నా తెచ్చుకో పో" అనేవాడు మేనేజరు. గనుల కంపెనీ ఇల్లు మన పేరున ఎప్పుడుంది? అందుకే బడి తెరిచే జూన్ వచ్చిందంటే రోజా కమ్మలు తాకట్టు అంగడికి పోయేవి, రంధ్రాలు పూడకుండా చెవుల్లోకి వేపపుల్లలు వచ్చేవి. "మళ్లా జూన్ వచ్చెనా అమ్మా?" అని అంగడాయన నవ్వితే నాకు ఒళ్ళు మండేది. బంగారం తవ్విన ఊళ్ళో మన బిడ్డ చెవులకు పుల్లలు. వడ్డీ కట్టడానికి దాని పాలు మానిపించాం, గుడ్డు మానిపించాం. పోయినేడు బడి ప్రార్థనలో అది కళ్ళు తిరిగి పడిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఇక్కడ జీతం కోసం ఫ్యాక్టరీవాళ్ళే నాకు ఖాతా తెరిపించారు. క్రిస్మస్ నుంచి నెలనెలా కొంత అందులోనే వదిలేశాను. చేతిలో ఉంటే ఏదో ఒక ఖర్చు మింగేసేది. ఈసారి ఫీజు, పుస్తకాలు దానితోనే. మన వీధి దేవరాజు అన్న రోజూ పనికి రైల్లో ఇక్కడికి వస్తాడుగా, శనివారం స్టేషన్లో డబ్బు ఆయన చేతికిస్తాను. ఇందులో గొప్పేమీ లేదు. రేపు నేను మంచాన పడితే ఏమవుతుందో తెలియదు. ఈ జూన్ మాత్రం గట్టెక్కాం.

ఈ మాట చెబుదామని ఆదివారం పక్కింటికి ఫోన్ చేస్తే రోజాను పిలిచారు. నేను నోరు తెరవకముందే, "అమ్మా, కమ్మలు నేనే తీసి పెద్దమ్మ పెట్టెలో పెట్టినాను. పుల్లలు గూడా పెట్టుకున్నాను. ఈసారి నొయ్యలేదు" అంది.

"ఈసారి కమ్మలు యాడికీ పోవమ్మా" అన్నాను.

"సరేమా" అంది. నమ్మలేదక్కా.

అందుకే ఈ ఉత్తరం దానికి చదివి వినిపించు. నువ్వే పుల్లలు తీసి, కొబ్బరినూనె రాసి, కమ్మలు పెట్టు. గుడ్డు మానిపించొద్దు. బావకు, చర్చిలో పెద్దలకు నా వందనాలు. మీ ప్రార్థనల్లో నన్ను మరవొద్దు.

బడి తెరిచే రోజు పొద్దున ఒకసారి దాని చెవులు చూడు. మళ్ళీ పుల్లలు కనబడితే కోప్పడొద్దు. తీసేసి, కమ్మలే పెట్టి పంపు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుగుణ