రెండు ఫ్రేముల మధ్య

చిరంజీవి తమ్ముడు జగన్‌ను దిల్‌సుఖ్‌నగర్ నుంచి అక్క సుజన మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ, మన వీడియో షాపు అందరం కులాసా. షాపును కూడా ఇంటి మనిషిలా లెక్కేశానని నవ్వుకో. నువ్వు నవ్వి నెల దాటి ఉంటుంది. మిర్యాలగూడ నీళ్ళు నీకు పడ్డాయనే అనుకుంటాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్ ఆపేసి మంచిపని చేశావు. ఆ వీడియో ముక్క ఇంకా తిరుగుతూనే ఉంది. నువ్వు జెండా దించి నిలబడ్డ చోట ఆపి, కళ్ళకు నల్లగుడ్డ అంటించి, గుడ్డి లైన్స్‌మన్ అని రాసి పంపుకుంటున్నారు. మన సందులో పాల ప్యాకెట్లు అమ్మే ఆయన, నువ్వు నా తమ్ముడివని తెలియక, నాకే చూపించి నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాలు అక్కడే వదిలేసి వచ్చాను. ఆ రోజు బావకు నల్ల టీయే గతి.

అడిగినవాటికి వరసగా జవాబులు. బావకు దగ్గు తగ్గింది. కషాయం పనిచేసిందని నేను, సిగరెట్లు మానేశానని ఆయన. పక్క పోర్షన్ అండాలమ్మ నిన్ను రోజూ అడుగుతుంది. నీ బూట్లు, రిఫరీ పరీక్ష పాసైన సర్టిఫికెట్ పారేయమని రాశావు. పారేయను. రెండూ నా బీరువాలో చీరల కింద ఉన్నాయి.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "సైదులు మోకాలు నిజంగనే అంత ముందుకున్నదా అక్కా? నాకు కనవడలే." ఆ కింద రాసిన ముక్క చదివి వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను. సోమవారం గజేందర్ మనుషులు తెచ్చే కాగితం మీద, తప్పు నా చూపుదేనని సంతకం పెడతానన్నావు. పెట్టి, అక్కడ నువ్వు నడిపే స్కూలు బస్సు తాళాలు కూడా ఇచ్చేస్తానన్నావు. "నలభై మంది పిల్లలు అక్కా. గీ కండ్లను నమ్మి వాళ్లనెట్ల ఎక్కించుకోవాలె?"

ఆ రోజు నువ్వు గీత పక్కన ఉన్నావు, నేను టెంటు కింద కంప్యూటర్ ముందు ఉన్నాను. నా వైపు నుంచి ఏం జరిగిందో నీకు ఎన్నడూ చెప్పలేదు. టీవీలో పెద్ద మ్యాచ్‌లకు ఉన్నట్టు మన ఎల్బీనగర్ ఫుట్‌బాల్ కప్పుకూ వీడియో ఉండాలన్నది, దాన్ని నడిపే గజేందర్‌కు పుట్టిన బుద్ధి. వాళ్ళ చెల్లెలి పెళ్ళి తీసింది మనమే కాబట్టి మనల్నే పిలిచాడు. మైకులో ఏమన్నాడో నువ్వూ విన్నావు: "తలంబ్రాలల్ల గింజ గింజ చూపెట్టినోళ్లు! గీళ్లకు ఆఫ్‌సైడ్ కనవడదా?" జనం చప్పట్లు. నేనూ మురిసిపోయాను.

సైదులు గోల్ కొట్టాడు, నువ్వు జెండా ఎత్తలేదు. గజేందర్ జట్టు గొడవకు దిగింది. అతను నా కుర్చీ వెనక నిలబడి "వదినా, జర మెల్లగ తిప్పు" అన్నాడు. మెల్లగా తిప్పాను. సైదులుకు పాస్ ఇచ్చినవాడి కాలు బంతిని తాకిన చోట ఆపి, ఆఖరి డిఫెండర్ పక్కన గీత గీశాను. సైదులు మోకాలు నాలుగు వేళ్ళు గీత దాటి ఉంది, అంటే ఆఫ్‌సైడ్. మైదానమంతా పెద్ద తెర మీద చూసింది. గోల్ పోయింది, కప్పు గజేందర్ జట్టుకు వెళ్ళింది, నీ మీదికి నీళ్ళ సీసాలు వచ్చాయి.

ఆ తర్వాత గజేందర్ మూడుసార్లు షాపుకొచ్చాడు. మొదటిసారి మిఠాయి తెచ్చాడు. రెండోసారి ఊరికే కూర్చుని ఆల్బమ్‌లు తిరగేసి, "మంచిగ చేస్తరు వదినా. ఇసొంటి షాపు మూతవడితె మాకే నష్టం" అన్నాడు. మూడోసారి లోపలికి రాలేదు. రోడ్డు మీద నిలబడి మన బోర్డును ఫొటో తీసుకుని వెళ్ళాడు. అప్పటి నుంచి ఎదురుగా ఒక తెల్లకారు ఆగుతోంది. అందులోని మనిషి దిగడు, టీ తాగడు, ఎవరికోసం ఎదురుచూస్తున్నాడో చెప్పడు. కప్పు గెలిచినవాడికి మనతో ఇంకా ఏం పని అని నీకు అనిపిస్తుంది. ఆ పనేమిటో నాకు తెలుసు, జగన్. ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచింది అదే.

మన కెమెరా సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములే తీస్తుంది. తలంబ్రాలు మెల్లగా రాలినట్టు చూపాలంటే అవి చాలవు, బొమ్మ గతుకులు పడుతుంది. అందుకని కంప్యూటర్ రెండు ఫ్రేముల మధ్య ఇంకొన్ని తనే ఊహించి కల్పిస్తుంది. పదేళ్ళుగా ప్రతి పెళ్ళికీ నేను నొక్కే బటన్ అది. పెళ్ళిలో ఆ అబద్ధం ఎవరికీ చెడు చేయదు, ఇంకా అందంగా ఉందంటారు. ఆ రోజు టెంటు కింద కూడా నా వేలు అలవాటుగా దాన్నే నొక్కింది. నేను గీత గీసింది కెమెరా తీసిన బొమ్మ మీద కాదు, కంప్యూటర్ కల్పించిన బొమ్మ మీద.

నీకు కనబడలేదన్న మొండితనం వదిలిద్దామని, ఫొటో ప్రింటు తీసి పంపుదామని కెమెరా కార్డులోని అసలు వీడియో తెరిచినప్పుడు బయటపడింది. ఒక ఫ్రేములో పాస్ ఇచ్చేవాడి కాలు ఇంకా బంతిని చేరలేదు, సైదులు గీతకు ఇవతలే ఉన్నాడు. తర్వాతి ఫ్రేములో బంతి కాలును వదిలి మూరెడు పోయింది, సైదులు జానెడు ముందుకొచ్చాడు. కాలు బంతిని తాకిన క్షణం మా కెమెరాలో లేనే లేదు. దాన్ని చూసింది నువ్వొక్కడివే. నువ్వు చూసింది ఒప్పని నేను రుజువు చేయలేను తమ్ముడూ. తప్పని మాత్రం ఎవరూ రుజువు చేయలేరు.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. "బొమ్మలో స్పష్టంగా ఉంది, మనసులో పెట్టుకోకు" అని కిందటి ఉత్తరంలో రాశాను చూడు, అది రాయడానికి నాలుగు రోజుల ముందే నాకు ఇదంతా తెలుసు. పెళ్ళిళ్ళ కాలంలో షాపు పేరు పోతుందని భయపడి నీ పేరు పోనిచ్చాను. నీ కళ్ళ మీద నీకే నమ్మకం పోతుందని ఊహించలేదు. నన్ను తిట్టు, నాకు ఆ బాకీ ఉంది.

బావతో చెప్పుకున్నాను. ఆయన మెత్తని మనిషి, టీ కొట్టు దగ్గర గజేందర్ భుజం మీద చెయ్యేసి అడిగితే కక్కేశాడు. ఆ సాయంత్రమే గజేందర్ నాకు ఫోన్ చేసి నెమ్మదిగా అన్నాడు: "సైదులోళ్లు జిల్లా సంఘానికి అర్జీ పెట్టిన్రు. జగన్ సంతకం, నీ కార్డు, గీ రెండు నా తాన ఉంటె ముచ్చట ఒడుస్తది. శుక్రవారం ఇయ్యి వదినా."

ఈ రోజే శుక్రవారం. పొద్దున కార్డు ఇచ్చాను. చూడకుండానే జేబులో వేసుకుని దండం పెట్టాడు. అందులో ఉన్నది హయత్‌నగర్‌లో మొన్న తీసిన ఒక పెళ్ళి. అసలు కార్డు ఈ కవరులో ఉంది, ఆ రెండు ఫ్రేముల ప్రింట్లతో సహా. అండాలమ్మ ఇప్పుడే కూతురి దగ్గరికి మిర్యాలగూడ బస్సెక్కుతోంది, ఆమె చేతికే ఇస్తున్నాను.

మొదట్లో అందరం కులాసా అని రాశాను. బావ సంగతి నాకు తెలియదు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో షూటింగ్ ఉందని గజేందర్ ఆయనను తన కారులో ఎక్కించుకుపోయాడు. కెమెరా మాత్రం షాపులోనే ఉంది. ఆయన ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. తెల్లకారు మనిషి ఈ రోజు కారు దిగి మన మెట్ల మీద కూర్చున్నాడు. నాకు భయంగా ఉంది.

సోమవారం సంతకం పెట్టకు. బస్సు తాళాలు ఇవ్వకు, ఆ పిల్లల్ని నువ్వే ఎక్కించుకో. మంగళవారం సరూర్‌నగర్‌లో అర్జీ విచారణ, కార్డునూ ఈ ఉత్తరాన్నీ అక్కడ నీ చేత్తో ఇవ్వు. ఈలోగా ఎవరైనా వచ్చి ఫోన్ నీ చెవికి ఆనించి, అందులో నేనే "కార్డు ఇచ్చెయ్యి తమ్మీ" అని ఏడ్చినా ఇవ్వకు. అది నా గొంతే అయి ఉంటుంది. అయినా ఇవ్వకు.

ఇట్లు,
నీ చూపును ఆలస్యంగా నమ్మిన
అక్క సుజన