నూనె పీల్చని గుడ్డలు

మార్చి 2. ఎండ. పొద్దున్నే షాపు ఊడ్చి షట్టరుకు గ్రీజు పెట్టాను.

ఈ రోజు నుంచి కొత్త పద్ధతి. ఇంట్లో చిన్న గది నిండా పాత బట్టల మూటలు. ఇక్కడేమో రిపేరుకొచ్చిన మోటార్లు తుడవడానికి వారం వారం గుడ్డలు కొంటున్నాను. మన బట్టలు చెత్తకుండీకి, ఊరందరి బట్టలు నా షాపుకు! ఈ తెలివి ఇన్నాళ్ళు ఎక్కడికి పోయిందో. ఇకనుంచి మన బట్టలే మన గుడ్డలు. ఒక్క పీలిక చెత్తలోకి పోదు.

ఆ గది మా ఆవిడకు కావాలి. నెలాఖరుకు కుట్టుమిషను వస్తుంది. బేకరీ వాళ్ళు ఏప్రన్లు కుట్టమన్నారు. తనకంటూ మొదటి పని. ఇన్నేళ్ళూ మంచం మీద కూర్చుని చేత్తోనే కుట్టింది. గది ఖాళీ చేస్తానని మాటిచ్చాను.

మార్చి 3. మొదటి మూట తెచ్చాను. పాత గుడ్డలమ్మే అతనికి ఇక రావద్దని చెప్పేశాను. చూద్దాంలే మేస్త్రీ అని బండి తిప్పుకుపోయాడు. అతనికేం తెలుసు.

మధ్యాహ్నం. కత్తెర తీశాను. పైనే మా అమ్మాయి చిన్నప్పటి ఎర్ర గౌను. ఇప్పుడు పిల్ల నాకంటే పొడుగు. గౌను రంగు దిగేలా ఉంది. మోటారు లోపలి రాగితీగ వైండింగుకు మంచిది కాదు. పక్కన పెట్టాను.

మార్చి 5. అన్నయ్య చొక్కా. నేను మొదటిసారి పనికి వెళ్తుంటే ఒంటి మీదది విప్పి ఇచ్చాడు. టెర్లిన్. నూనె పీల్చదు. పక్కన.

మార్చి 6. ఆకుపచ్చ పరదా. ఒంటి గదిలో కాపురమున్నప్పుడు వంటకూ పడకకూ మధ్య గోడ ఇదే. మంచి నూలు. బాగా పీలుస్తుంది. కానీ పొడవెక్కువ.

చేతిలో కత్తెర ఉన్న సంగతి నాకు తెలుసు.

మార్చి 9. మబ్బు. గది సగం ఖాళీ. మా ఆవిడ గోడలకు రంగు వేయిస్తోంది. మా ఆయన చేతిలో ఏదీ వృథా కాదని పక్కింటావిడకు చెబుతోంది. విని, వినపడనట్టు చెప్పులేసుకుని వచ్చేశాను.

షాపులో ఖాళీ పెట్టెలన్నీ నిండాయి. వాడిన గుడ్డ: సున్నా. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాను.

మార్చి 12. దొంగచాటుగా ఆ గుడ్డలతని దగ్గరే ఒక మూట కొన్నాను. అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

విప్పితే పైనే ఏ పిల్లాడిదో బడి చొక్కా. జేబు మీద ఎవరో ఎర్రదారంతో పేరు కుట్టారు. ఎవరి బిడ్డయితే నాకేం?

కాలరు మందం. పక్కన.

మార్చి 15. ప్యాంటు నూనెకు బిరుసెక్కి, నిలబెడితే నిలబడుతోంది. ఉతికినా వదల్లేదు. బట్టల వృథా ఆపడానికి బయల్దేరినవాణ్ణి, కొత్త ప్యాంటు కొన్నాను. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నవాడు నాకంటే నయం.

మార్చి 25. గది పూర్తిగా ఖాళీ. మాట నిలబెట్టుకున్నాను. షాపులో నడవడానికి మాత్రం ఒంటికాలికే చోటుంది.

మార్చి 28. వాన. మిషను వచ్చింది. బేకరీ వాళ్ళ గుడ్డ మీద కత్తెర పడకముందే మిషను కుట్టు చూసుకోవాలట. మీరు కోసిన ముక్కలు నాలుగు తెండి అంది మా ఆవిడ. కోసినవెక్కడివి? కొన్న మూటలోంచి నాలుగు పట్టుకెళ్ళాను. వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇవి మనవి కావు."

పీలికలన్నీ ఒకేలా ఉంటాయన్నాను.

"మనింట్లో చిరిగిన ప్రతి గుడ్డకీ నేనేగా కుట్టు వేసింది. నా కుట్టు నాకు తెలీదా?"

మిషను మీద కొత్త గుడ్డ కప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 29. షాపుకు వచ్చింది. పెట్టెలు ఒక్కొక్కటే తెరిచింది.

"గది ఖాళీ చేయమంటే మకాం మార్చారా?"

గౌను రంగు సంగతీ టెర్లిన్ సంగతీ చెప్పాను.

"మరి ఈ పరదాకేం రోగం?"

"పొడవెక్కువ," అన్నాను.

నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది, ఆ పరదా అంచుతోనే. నూలు కదా, బాగానే పీల్చింది.

దాని మీదే మిషను కుట్టు చూసుకుంటానని సంచిలో పెట్టుకుంది. తర్వాత కత్తెర తీసుకుని అన్నయ్య చొక్కా గుండీలు కత్తిరించి నా చేతిలో పోసింది.

"గుర్తుకు ఇవి ఉంచుకోండి. గుడ్డని పని చెయ్యనివ్వండి."

ఎర్ర గౌను మాత్రం మడిచి, సంచిలో పరదా కిందికి తోసేసింది. నేను చూడలేదు.

మార్చి 30. ఎండ. షాపు ఊడ్చాను. ఈ రోజు నుంచి కొత్త పద్ధతి. ముందు నావే కోస్తాను. ఆ నూనె ప్యాంటుతోనే మొదలు. అది పీలుస్తుందా లేదా అనే అనుమానమే లేదు. ఒక కాలు ముక్కలు చేశాను.

రెండో కాలికి మోకాలి దగ్గర మా ఆవిడ వేసిన రఫూ. ఎప్పుడు వేసిందో, ఇన్నాళ్ళు తొడిగినా చూడలేదు. ఇంత సన్నటి కుట్టు నూనె పీల్చదు. పక్కన పెట్టాను.

బేకరీ వాళ్ళ పిండి కలిపే మోటారు సాయంత్రానికి ఇవ్వాలి. ముందు తుడవడానికి ఆ ఒంటికాలి ముక్కలే దిక్కు.